మమ్మల్ని ఇంకెన్నాళ్లు కొత్తవాళ్లలాగే ఉంచుతారు?

విశాఖపట్నంలో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇస్తున్న కంపెనీల యాజమాన్యాలకు, వాళ్ల తరఫున మా వీధుల్లో వైర్లు లాగుతున్న ఆపరేటర్లకు నమస్కారం.

నేను అక్కయ్యపాలెంలో పదిహేనేళ్లు నెట్ సెంటర్ నడిపినదాన్ని. ఇప్పుడు అదే షాపులో జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేసుకుంటున్నాను. 2016లో ఊరంతా 4జీ సిమ్ములు పంచినప్పుడే నా కుర్చీలు ఖాళీ అయిపోయాయి, ఆ ఏడుపూ అప్పుడే అయిపోయింది. కాబట్టి దీన్ని వ్యాపారం పోయినదాని కడుపుమంట అనుకోకండి. ఈ ఉత్తరానికి కారణం గోపాలపట్నంలో మా అమ్మ ఇంట్లో తొమ్మిది రోజులు వెలిగిన ఒక ఎర్ర లైటు.

అమ్మకి 72 ఏళ్లు. నాన్న పోయాక ఒక్కర్తే ఉంటోంది. మా ఇంటికి రమ్మంటే, సింహాచలం కొండ కనిపించని చోట ఉండలేనంటుంది. నిరుడు దసరాకి ఆవిడ ఇంట్లో ఒక కంపెనీ కనెక్షన్ పెట్టించాం. కంపెనీ పేరు రాయను. రాస్తే మిగతా వాళ్లంతా 'హమ్మయ్య, మేం కాదు' అనుకుని ఈ కాగితం పక్కన పడేస్తారు. పెట్టిన రోజు మాత్రం అంతా పండగలాగే జరిగింది. ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, అరగంటలో పని ముగించారు, టీవీలో యూట్యూబ్ తెప్పించారు, అమ్మ ఫోన్‌లో వైఫై కలిపారు. "మామ్మగారూ, మీరేం చెయ్యక్కర్లేదు, అన్నీ మేమే చూసుకుంటాం" అన్నారు. అమ్మ మురిసిపోయి వాళ్లకి కాఫీతోపాటు జంతికలు కూడా పెట్టింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున్న నెట్ పోయింది. అమ్మ మీ నంబరుకి ఫోన్ చేసింది. బాక్సు ఆపి రెండు నిమిషాలాగి మళ్లీ వెయ్యమన్నారు, వేసింది. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు, ఎన్నిసార్లు చేస్తే అన్నిసార్లు అదే మాట. మూడో రోజు 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. నాలుగో రోజు ఒకబ్బాయి ఫోన్ చేసి, "మామ్మగారూ, మీకో ఓటీపీ వస్తాది, అది చెప్తేనే మా సిస్టమ్‌లో లైన్ ఆన్ అవుతాది" అన్నాడు. అమ్మ చెప్పింది. లైన్ ఆన్ కాలేదు, మళ్లీ పెట్టిన ఫిర్యాదు క్లోజ్ అయింది. ఆ ఓటీపీ దాని కోసమే.

ఎనిమిదో రోజు ఆదివారం నేను వెళ్లాను. నెట్ లేని సంగతి అమ్మ నాకు అప్పటిదాకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నేనే ఏదో నొక్కేసి పాడు చేశానేమోనే, నువ్వు తిడతావని" అంది. ఈ ఒక్క మాట మీకు వినిపించాలనే ఈ ఉత్తరమంతా.

బాక్సు చూశాను. ఎల్ఓఎస్ అనే మూడక్షరాల పక్కన ఎర్ర లైటు టిక్కు టిక్కుమంటోంది. మీకు తెలిసిందే అయినా చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. ఆ సన్నటి వైరులో ఉండేది రాగి కాదు, వెంట్రుకంత గాజు పోగు. అందులోంచి వచ్చేది కరెంటు కాదు, వెలుతురు. ఆ వెలుతురు బాక్సు దాకా చేరకపోతే ఎర్ర లైటు వెలుగుతుంది. వైరు తెగినా, ఎక్కడైనా మరీ వంకరగా నలిగినా అంతే. అలాంటప్పుడు బాక్సుని వందసార్లు ఆపి వేసినా ఉపయోగం ఉండదు, కుళాయిలో నీళ్లు రాకపోతే బక్కెట్టు తిరగేసి బోర్లించినట్టే. అమ్మ దోమల కోసం కిటికీకి మెష్ తలుపు పెట్టించింది. వడ్రంగి ఆ ఫ్రేములో మీ వైరు నొక్కేశాడు. తొమ్మిదో రోజు మీ మనిషి వచ్చి, నలిగిన ముక్క కోసి, అతికి, ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయాడు. పనిమంతుడు, అతన్ని ఏమీ అనను.

నా ప్రశ్న వేరు. ఆ తొమ్మిది రోజుల్లో అమ్మతో మాట్లాడిన ఇంతమందిలో ఒక్కరైనా "ఏ లైటు వెలుగుతోందండీ, ఏ రంగులో ఉంది?" అని ఎందుకు అడగలేదు? పెట్టిన రోజున ఆ అరగంటలో ఇంకో ఐదు నిమిషాలు ఉండి, "మామ్మగారూ, ఇది పచ్చగా ఉంటే మంచిది, ఇది ఎర్రగా ఉంటే మాకు చెప్పండి" అని ఎందుకు చూపించలేదు? అమ్మకి తెలియదని కాదు, తెలుసుకోవడం చేతకాదని మీరు ముందే తేల్చేసుకున్నారు. గ్యాస్ బండ ఎప్పుడు అయిపోతుందో మంట రంగు చూసి చెప్పే మనిషి ఆవిడ.

ఈ సంగతి మా ఇంట్లో పెద్ద గొడవే లేపింది. మా అన్నయ్య కొడుకు మధురవాడలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. వాడు తేలిగ్గా తీసిపారేశాడు. "అత్తా, అలాంటి కనెక్షన్లన్నీ ఏమీ తెలియని వాళ్ల కోసం. అక్కడ సర్వీసు అలాగే ఉంటుంది. నేనైతే స్టాటిక్ ఐపీ, అంటే నెట్‌లో నాకే సొంతమైన అడ్రసు తీసుకుని, సొంత రౌటర్ పెట్టుకుంటాను. నానమ్మకి అదే ఎక్కువ" అన్నాడు. నాకు మీ మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా వాడి మీదకి తిరిగింది. అప్పటిదాకా మిమ్మల్ని తిడుతున్నదాన్ని, అక్కడి నుంచి మీ తరఫున వాదించాను!

ఎందుకంటే వాడి మాట నాకు కొత్త కాదు. అమెరికాలో ఈ పంచాయితీ ముప్పై ఏళ్ల కిందటే జరిగింది. అక్కడ ఏఓఎల్ అని ఒక కంపెనీ ఉండేది. కంప్యూటర్ ముట్టుకోని వాళ్లకి కూడా నెట్ అందిస్తామని డిస్కులు అచ్చేసి పోస్టులో ఇంటింటికీ పంపేది. డిస్కు పెట్టు, బొమ్మ నొక్కు, మెయిల్ వస్తే గొంతు వినిపిస్తుంది. అప్పటికే యూనివర్సిటీల్లో నెట్ వాడుతున్న వాళ్లకి వీళ్లంటే మహా చులకన. వాళ్ల చర్చా బృందాల్లోకి ప్రతి సెప్టెంబరులో కాలేజీల్లో చేరిన కొత్త పిల్లలు వచ్చేవాళ్లు, నెల తిరిగేసరికి పద్ధతులు నేర్చుకునేవాళ్లు. ఏఓఎల్ 1994లో తన జనాన్ని అందులోకి వదిలాక, ఆ సెప్టెంబరు ఇక అయిపోనే లేదని పాతకాపులు వెటకారం చేశారు. మన ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో సీనియర్లు జూనియర్లని చూసే చూపు గుర్తుందా, అచ్చం అదే.

కానీ ఆ పాతకాపులు ఎంత వెక్కిరించినా, లక్షల ఇళ్లలో మొదటి మెయిల్ వెళ్లింది ఆ డిస్కు వల్లే. సులువుగా ఉండటం తప్పు కాదు. ఇస్త్రీ పెట్టె కొనేవాడు కరెంటు పాఠాలు చదవక్కర్లేదు. ఇదే మా మేనల్లుడితో అన్నాను. అయితే ఏఓఎల్ కథలో రెండో సగం కూడా ఉంది, అది మీరు వినాలి. 1996 డిసెంబరులో వాళ్లు గంటల లెక్క తీసేసి నెలకి ఒకే రేటు పెట్టారు. జనం ఎగబడ్డారు, లైన్లు చాలలేదు. ఎప్పుడు చేసినా ఎంగేజ్ టోను. చివరికి రాష్ట్రాల ప్రభుత్వాలు కలగజేసుకుంటే డబ్బు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత ఇంకో ముచ్చట. చేరడానికి ఒక డిస్కు చాలు, మానెయ్యడానికి మాత్రం ఫోన్‌లో యుద్ధం చెయ్యాలి. మానేస్తామన్న వాళ్లని మాననివ్వకపోతే ఉద్యోగులకి బోనస్సులు. ఆ సంగతి మీద న్యూయార్క్ రాష్ట్రం పట్టుకుంటే, 2005లో పన్నెండున్నర లక్షల డాలర్లు కట్టి ఒప్పందానికి వచ్చింది. ఫోన్ లైను మీద నడిచే ఆ పాత సర్వీసుని 2025 సెప్టెంబరు 30న పూర్తిగా ఆపేశారు. కొత్తవాళ్లని పిలిచిన విధానంలో ఏ తప్పూ లేదు. వచ్చినవాళ్లు కదలకుండా చూసుకోవడంలోనే ఉంది తప్పంతా.

మన దేశంలోనూ అదే జరిగేదే. 2015లో ఫేస్‌బుక్ ఒక టెలికాం కంపెనీతో కలిసి, పేదవాళ్లకి, కొత్తవాళ్లకి ఉచిత నెట్ అంటూ వచ్చింది. కొన్ని సైట్లే ఉచితం, అవి ఏవో ఎంచేది వాళ్లే. నా సెంటర్‌కి వచ్చే పిల్లలు కూడా, ఉచితమే కదా మేడమ్, తప్పేంటి అనేవాళ్లు. ఉచిత భోజనమే, కానీ పెట్టిన కూరే తినాలి, ఆ వీధి దాటి వెళ్లకూడదు అని చెప్పేదాన్ని. 2016 ఫిబ్రవరి 8న టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ ఆ పద్ధతిని కుదరదంది. డేటాకి సైటుని బట్టి వేర్వేరు ధరలు పెట్టకూడదని నిబంధన తెచ్చింది. ఆ రోజు నేను షాపులో స్వీట్లు పంచాను. ఏడు నెలలకి ఆ 4జీ సిమ్ములొచ్చాక, పంచిన చోటే ఈగలు తోలుకున్నాననుకోండి.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు.

ఈ దేశంలో జనానికి నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ అనే ప్రభుత్వ కంపెనీ ద్వారా. 1998లో ప్రైవేటు కంపెనీలకి తలుపు తీశారు. మేం 2001లో షట్టర్ ఎత్తాం. నాలుగు కంప్యూటర్లు, ఒక మోడెం, ఒక ఫోన్ లైను. గంటకి ముప్పై రూపాయలు. ఎంసెట్ ఫలితాల రోజున క్యూ రోడ్డు దాటేది. వచ్చేవాళ్లలో సగం మందికి మౌస్ పట్టుకోవడం రాదు. "ఒక మెయిల్ ఐడీ తీసి పెట్టమ్మా" అనేవాళ్లు, ఇరవై రూపాయలు తీసుకుని తీసి పెట్టేదాన్ని. పాస్‌వర్డ్ నేనే పెట్టేదాన్ని. వాళ్లు ఎలాగూ మర్చిపోతారని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. పేరు, ఐడీ, పాస్‌వర్డ్. అందరికీ ఎంత సౌకర్యమో! ఏ పని పడ్డా నా దగ్గరికే రావాలి. పోర్టులో కళాసీ కొడుకు దగ్గర్నుంచి బ్యాంకు రిటైర్డు మేనేజరు దాకా మూడొందల మంది పైగా ఉన్నారు ఆ పుస్తకంలో. వాళ్ల సౌకర్యం కోసమే చేస్తున్నానని నేను నిజంగానే నమ్మాను.

ఒకసారి నాకు టైఫాయిడ్ వచ్చి పన్నెండు రోజులు షాపు మూసేశాను. ఆ పన్నెండు రోజుల్లో ఒకమ్మాయికి ఇంటర్వ్యూ కబురు మెయిల్‌లో వచ్చింది. ఆ మెయిల్ తెరిచే తాళం నా సొరుగులో ఉంది. ఇంటర్వ్యూ రోజు దాటిపోయాక షాపు తీశాను. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "నాదే తప్పు మేడమ్, నేను నేర్చుకోవాల్సింది" అంది. మొన్న అమ్మ అన్న మాట వినగానే నాకు ఆ పిల్ల మొహమే కనిపించింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఇరవై రూపాయలు అలాగే తీసుకున్నాను, కానీ కుర్చీలో వాళ్లనే కూర్చోబెట్టి, పాస్‌వర్డ్ వాళ్ల చేతే కొట్టించి, నేను మొహం అటు తిప్పుకునేదాన్ని. పది నిమిషాల పని అరగంట అయ్యేది. మా ఆయన విసుక్కునేవాడు. నేర్చుకున్నవాళ్లు ఇక వచ్చేవాళ్లు కాదు, అది నిజమే. అయితే వాళ్ల చెల్లెళ్లనీ, తమ్ముళ్లనీ పంపేవాళ్లు. వ్యాపార లెక్కల్లో అది లాభమో నష్టమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అందుకే మీరు చేస్తున్నది చూడగానే గుర్తుపట్టాను. మీ దగ్గరా ఆ నోట్‌బుక్ ఉంది.

నా షాపుకి వచ్చేవాళ్లు చెప్పే గోడు చాలావరకు వైఫై గురించే. 'నెట్ స్లో మేడమ్. ఫోన్ చేస్తే ప్లాన్ పెంచుకోమన్నారు, పెంచాం, అయినా స్లోనే.' ఎలా పెరుగుతుంది? బాక్సు హాల్లో వీధి గుమ్మం పక్కన, టీవీ వెనక, చెప్పుల స్టాండు పైన ఉంటుంది. మీ వాళ్లకి వైరు ఎక్కడ దిగితే అక్కడే మేకు కొట్టడం సులువు. పిల్లవాడు చదువుకునేది చివరి గదిలో, మధ్యలో మూడు గోడలు, ఒక బీరువా. మీ బాక్సు రెండు రకాల సిగ్నల్ ఇస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం పోతుంది కానీ వేగం తక్కువ, పైగా అపార్ట్‌మెంట్లో అందరి బాక్సులూ అందులోనే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం, కానీ గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. బాక్సుని ఇంటి మధ్యకి, కాస్త ఎత్తుకి మారిస్తే సగం ఇళ్లలో జబ్బు అక్కడికక్కడే నయమవుతుంది. ఈ ముక్క చెప్పకుండా 50 ఎంబీపీఎస్ నుంచి 200కి ఎక్కిస్తే, చివరి గదిలో పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు, మీ బిల్లు మాత్రం పెరుగుతుంది. దీన్ని తెలియనితనం మీద వ్యాపారం అంటారు. నేను చేసిందీ అదే గనక ఆ మాట అనే హక్కు నాకుంది.

ఇంకొన్ని చిన్నవి. ఆటో వెనక పోస్టర్ మీద 399 అని ఉంటుంది, చేతికొచ్చే బిల్లు 470 రూపాయల 82 పైసలు. పద్దెనిమిది శాతం జీఎస్టీ మీరు తినేది కాదని తెలుసు, పోస్టర్ మీద రాయడానికి చోటు లేదా? అన్‌లిమిటెడ్ అంటారు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో 3,300 జీబీ దాటితే వేగం తగ్గుతుందని ఉంటుంది. మా అమ్మ జన్మలో అంత వాడదు, ఆ హద్దుతో నాకు పేచీ లేదు, మరి దాచడం దేనికి? 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి వంద ఎంబీల సినిమా దిగుతుందని జనం అనుకుంటారు. దిగేది పన్నెండున్నర. వేగాన్ని బిట్లలో, సినిమాని బైట్లలో కొలుస్తారు, ఎనిమిది బిట్లు ఒక బైటు, అందుకే ఎనిమిదితో భాగించాలి. ఇక మీ కుర్రాళ్లు ఇంటింటా పెట్టే వైఫై పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? ఆ ఇంటి యజమాని ఫోన్ నంబరు. పాలవాడి దగ్గరా, పేపరు అబ్బాయి దగ్గరా కూడా ఉండే నంబరు.

మా మేనల్లుడు ఇంతకంటే పెద్ద లిస్టు ఇచ్చాడు. వందల ఇళ్లకి కలిపి బయటికి ఒకే ఐపీ అడ్రసు చూపిస్తారట, అదొక మోసమట. నేనొప్పుకోను. పాత పద్ధతి అడ్రసులు ప్రపంచం మొత్తానికి 429 కోట్లే, అవి ఎప్పుడో అయిపోవచ్చాయి. సర్దుకోక చేసేదేముంది? అమ్మకి దాని సంగతి చెప్పక్కర్లేదు కూడా. కావలసిన మేనల్లుడు డబ్బు కట్టి విడిగా తెచ్చుకుంటాడు. వంటింట్లో గోడ లోపల పైపులు ఎలా వెళ్లాయో అద్దెకొచ్చినవాళ్లకి చూపించక్కర్లేదు. మెయిన్ కాక్ ఎక్కడుందో మాత్రం చూపించి తీరాలి. నేను అడుగుతున్నది ఆ మెయిన్ కాక్ వరకే.

అన్నిటికంటే భయపెట్టేది ఆ ఓటీపీ. బ్యాంకులు, పోలీసులు గొంతు చించుకుని చెబుతున్నారు, ఫోన్‌లో ఎవరికీ ఓటీపీ చెప్పకండి అని. నా షాపు గోడ మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరు పెద్దక్షరాల్లో రాసి పెట్టాను. వచ్చిన ప్రతి ముసలాయనకీ, ముసలమ్మకీ అది చదివి వినిపిస్తాను. మీ కుర్రాళ్లు ఫోన్ చేసి, ఓటీపీ చెప్తే నెట్ వస్తాదని అలవాటు చేస్తున్నారు. రేపు ఎవడో మీ కంపెనీ పేరు చెప్పి అదే గొంతుతో అడిగితే మా అమ్మ చెప్పేస్తుంది. ఆ అలవాటు చేసింది మీరు. నెల టార్గెట్‌లో ఫిర్యాదు గడువులోపు మూయాలని పైనుంచి ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు. ఆ టెన్షన్ మీ కుర్రాడిది, కానీ పోయేది అమ్మ పెన్షన్.

ఆపరేటర్ బాబులూ, మీతో రెండు మాటలు. మిమ్మల్ని కంపెనీలతో ఒకే గాట కట్టడం అన్యాయం. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చిన రోజు ఈ ఊళ్లో ఎవరు మర్చిపోతారు? చెట్లు, స్తంభాలు, వైర్లు కలిసి రోడ్ల మీద గడ్డివాముల్లా పడి ఉన్నాయి. పాల ప్యాకెట్టు కోసం కొట్టుకున్నాం. అలాంటప్పుడు మా వీధి కేబుల్ అబ్బాయి చొక్కా లేకుండా నిచ్చెనేసుకుని తిరుగుతుంటే, దేవుడిలా చూశాం వాణ్ని. ఇప్పటికీ కంపెనీ నంబరు ఎత్తకపోయినా మీరెత్తుతారు. అమ్మ ఇంటి దగ్గర కోతులు తీగల మీద ఊగి తెంపేస్తే, రాత్రి తొమ్మిదింటికి వచ్చి కలిపి వెళ్లింది కూడా మీలో ఒకరే. టీవీ, ఫోను, నెట్టు మూడూ కలిపి 149 రూపాయలకే అని ప్రభుత్వ ఫైబర్‌నెట్ 2017లో మొదలైనప్పుడు, కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఆ వైరుని ఇంటి లోపలికి తెచ్చిందీ మీలాంటి వాళ్లే. నా పేచీ ఒక్కటే. "అది మీకర్థం కాదులెండమ్మా" అనే మాట మానెయ్యండి. మీ అమ్మని ఎవరైనా ఆ మాటంటే ఊరుకుంటారా?

యాజమాన్యాలూ, ఇప్పుడు నాకేం కావాలో చెప్తాను. కొత్త టెక్నాలజీ ఏదీ అడగడం లేదు. కనెక్షన్ పెట్టిన రోజున ఒక కాగితం ఇవ్వండి, తెలుగులో, పెద్దక్షరాల్లో. ఏ లైటు ఏ రంగులో ఉంటే ఏమిటో, వైరుని ఎందుకు మడవకూడదో, బాక్సు మీదో మాదో, మానేస్తే డిపాజిట్ ఎన్నాళ్లకి వస్తుందో అందులో ఉండాలి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ మీ దగ్గర మాత్రమే ఉంచుకోకండి, అది మా ఇంటి తాళం. ఫిర్యాదుని మూసే హక్కు ఫిర్యాదు చేసినవాళ్లకే ఉండాలి, అదీ నెట్ వచ్చాక, మనిషి కళ్లముందు. 'మానేస్తాను' అనే బొత్తాం 'చేరతాను' అనే బొత్తాం పక్కనే ఉండాలి. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు 2011లోనే దేశమంతా వచ్చింది. ఇంటి నెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో మీరు చేసుకున్న మాట వల్ల ఇంకో కంపెనీ వైరు గేటు కూడా దాటదు. మా అక్కయ్యపాలెంలోనే అలాంటివి చూశాను.

ఇంకోటి, ఇది మీరెక్కడా పెద్దగా చెప్పరు గనక నేనే చెబుతున్నాను. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుని గుర్తుపట్టే నంబరు ఇవ్వాలి. పని జరగకపోతే, జరిగింది నచ్చకపోతే, మీ కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు, దానికి పైసా ఫీజు లేదు. అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. టెలికాం ఫిర్యాదులు అక్కడ చెల్లవనే వాదనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. నా షాపుకి వచ్చే వాళ్లలో ఈ అప్పిలేట్ అథారిటీ మాట విన్నవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరే. ఇద్దరూ లాయర్లు!

అన్నట్టు, మన ఊరికి గూగుల్ వస్తోంది. 2025 అక్టోబరు 14న ప్రకటించారు, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లట, సముద్రం అడుగు నుంచి కేబుళ్లు మన ఒడ్డుకి చేరతాయట. మంచిదే, మా మేనల్లుడు అప్పుడే రెజ్యూమే దిద్దుకుంటున్నాడు. ఖండాలు దాటి వచ్చే ఆ వెలుతురు, ఒడ్డు నుంచి గోపాలపట్నంలో ఒక కిటికీ మెష్ దాకా వచ్చి ఆగిపోతే, ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో అమ్మకి తెలియాలి. నా ఆరాటం అంతవరకే.

పోయిన వారం అమ్మ ఇంటికి వెళ్లాను. టీవీ పక్కన క్యాలెండర్ వెనకవైపు తిప్పి, బాక్సు బొమ్మ గీసుకుంది. ఐదు చుక్కలు. ఒక్కొక్క దాని పక్కన తన చేతిరాతలో 'పచ్చ, ఉండాలి', 'పచ్చ, మినుకుమంటే ఫర్వాలేదు', 'ఎర్ర, వెంటనే ఫోను'. నేను రెండుసార్లు చెబితే ఆవిడే రాసుకుంది. అంతకు రెండు రోజుల ముందు మళ్లీ నెట్ పోయిందట. మీ కుర్రాడు ఎప్పట్లాగే ఓటీపీ అడిగాడట.

"ముందు పచ్చ లైటు చూపించు నాయనా, అప్పుడు చెప్తాను" అందట అమ్మ.

ఆ మధ్యాహ్నమే మనిషి వచ్చాడు. ఫిబ్రవరిలో మూసేసిన పాత ఫిర్యాదు మాత్రం ఇంకా మీ లెక్కల్లో 'పరిష్కరించబడింది' అనే ఉంది. డాకెట్ నంబరు నా దగ్గరుంది. ఆ తొమ్మిది రోజుల అద్దె బిల్లులో తగ్గించి, ఆ మాట దిద్ది, అమ్మకి తెలుగులో ఒక మెసేజ్ పంపండి. చదువుకోవడం ఆవిడకి వచ్చు.

ఇట్లు,
ఒకప్పటి నెట్ సెంటర్ మేడమ్,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం